గాడిద బి

ఆ ఏడాది కాఫీ కోతల కాలంలో కోర్టు మా ఆయనని మూడోసారి పిలిచింది.

పిలవడమంటే ఎవరో వచ్చి మా గుమ్మం ముందు నిలబడి కేకెయ్యడం కాదు. కనబడకుండా పోయిన మనిషిని చనిపోయాడని జడ్జి ఊరికే రాసెయ్యడానికి లేదు. ముందు పేపర్లో పేరు వేయించాలి, రేడియోలో చదివించాలి. ఫలానా మనిషి ఎక్కడున్నా ఈ కోర్టుకి హాజరు కావలెను అని. నాలుగు నెలలకి పైగా ఆగి మళ్ళీ పిలవాలి. మళ్ళీ ఆగి ఇంకోసారి. మూడో పిలుపుకీ రాకపోతే అప్పుడు తీర్పు. ఎబేలియో ఒక మంగళవారం పొద్దున జీపు వెనక మెట్టు మీద నిలబడి, గోనెలు కుట్టే సూది కొనుక్కొస్తానని కొండ దిగి వెళ్ళి అప్పటికి పదకొండేళ్ళు. ఆ రోజుల్లో మా దారి మీద తుపాకులతో జీపులు ఆపి మనుషుల్ని దింపుకుపోయేవాళ్ళు ఉండేవాళ్ళు. ఎందుకు దింపుతున్నారని అడిగేవాళ్ళు లేరు.

మొదటి రెండు పిలుపులప్పుడు నాకు చదవడం రాదు. మా అమ్మాయి నూబియా పట్నం పేపరు మడిచి, "ఇదిగోనమ్మా నాన్న పేరు" అని వేలు పెట్టి చూపిస్తే, ఆ చీమల బారుకేసి చూసి తలూపాను. మూడోదాని నాటికి వచ్చింది. అదీ నూబియా పట్టుదలే.

"కోర్టులో వేలిముద్ర వేస్తానంటే ఆ గుమస్తా నీ చెయ్యి పట్టుకుని దూడకి వాత పెట్టినట్టు నొక్కుతాడు. నేను చూస్తూ ఊరుకోను. వెళ్ళి సంతకం నేర్చుకో" అంది.

అలా యాభై తొమ్మిదో ఏట బడికి వెళ్ళాను. బడి అంటే మా ఊరి వారపత్రిక ‘లా రొమానా’ ఆఫీసు వెనక గది. రొమానా అంటే కాఫీ తూచే కాటా. శనివారం మధ్యాహ్నం కాఫీ అమ్ముకోవడానికి కొండ దిగిన మాలాంటివాళ్ళం ఏడెనిమిదిమందిమి అక్కడ చేరేవాళ్ళం. చెప్పేది దోన్ కాసియానో. మా వైపు పెద్దమనిషిని దోన్ అనీ, పెద్దావిడని దోన్యా అనీ పిలుస్తాం. నలభై ఏళ్ళు వకీలుగా చేసి, గొంతు పోయాక మానేసి, ఆ పత్రికలో ‘గుమ్మం దగ్గర’ అని వారం వారం కోర్టుల గురించీ పేపర్ల గురించీ రాసేవాడు. ఏ జడ్జి కేసు మధ్యలో కునుకు తీశాడు, ఏ పేపరు తీర్పు రాకముందే మనిషిని దొంగని చేసింది, అన్నీ. అచ్చుకి వెళ్ళేముందు పత్రిక మొత్తం ఆయనే చూసేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలుండేది.

మా బడికి పుస్తకం లేదు. ఆయన వ్యాసమే మా వాచకం.

"చదవండి దోన్యా రొస్మీరా. భయపడకండి, అది కరవదు."

"కరవకపోతే మీరు రాయడమెందుకండీ?" అన్నాడు మాంసం కొట్టు దామియాన్. గదంతా నవ్వింది. దోన్ కాసియానో కూడా, ఆ పోయిన గొంతుతో, గింజలు జల్లెడ పట్టినట్టు నవ్వాడు.

నాకు అన్ని అక్షరాలూ లొంగాయి, రెండు తప్ప. మా నోటికి ఆ రెండూ ఒకటే. రెండిటినీ ‘బ’ అనే పలుకుతాం. కాగితం మీద మాత్రం వేరు. మా భాషలో గాడిద పేరు ఒకదానితో మొదలవుతుంది, ఆవు పేరు రెండోదానితో. అందుకే పిల్లల బళ్ళో కూడా ‘గాడిద బి’, ‘ఆవు వి’ అనే చెబుతారు. గాడిద బికి రెండు పొట్టలు. ఆవు వికి రెండు కొమ్ములు. ఇంత చెప్పినా నేను ఆవుని రాయమంటే పొట్టలే గీసేదాన్ని.

"దోన్యా, మీరు మళ్ళీ గాడిదని పితుకుతున్నారు" అనేవాడాయన, ఎర్ర సుద్దతో కొట్టేసి.

ఒక శనివారం ఆవు వితో వచ్చే మాటలన్నీ బోర్డు మీద రాయమన్నాడు. ఆవు రాశాను. గాలి రాశాను. తర్వాత "బియూదా" అన్నాడు. అంటే భర్త పోయినామె. పలకడం గాడిదలా, రాయడం ఆవులా.

నేను సుద్ద కింద పెట్టేశాను. "అది రాయను. నేనింకా కాలేదు."

ఆయన సుద్ద తీసి మళ్ళీ నా చేతికిచ్చాడు. "అయితే కిటికీ రాయండి" అన్నాడు.

అక్టోబరు చివర్లో, కోత బాగా ముమ్మరంగా ఉన్న వారం, మూడో పిలుపు పత్రికలో వచ్చింది. ఆ వారం వాచకం కూడా దాని గురించే. నా వంతు వచ్చింది. వేలు పెట్టుకుని చదివాను.

"‘కోర్టు... మనుషుల్ని పిలుస్తుంది. కానీ ఎవరికీ వినబడకుండా పిలుస్తుంది. ఈ పత్రికలోనే చూడండి. తప్పిపోయిన కుక్క ప్రకటన... తప్పిపోయిన మనిషి ప్రకటన కంటే పెద్ద అక్షరాల్లో ఉంది. కుక్క కోసం అడిగింది దాని యజమాని. మనిషి కోసం అడిగింది చట్టం.’"

"అబ్బో, ఇవాళ గుర్రం మీద వెళ్తున్నారు దోన్యా" అన్నాడు దామియాన్.

"‘ఈ వారం కోర్టు పంపిన నోటీసుల్లో నాలుగు అక్షర దోషాలున్నాయి. మనిషిని పోగొట్టుకున్న ఇంటికి కోర్టు చూపించగల కనీస మర్యాద, తప్పుల్లేకుండా రాయడం. ఆ నాలుగూ ఈ చేత్తోనే దిద్దాను.’"

దోన్ కాసియానో ఆ చెయ్యి ఎత్తి చూపించాడు. మేం చప్పట్లు కొట్టాం. నేను కూడా.

ఆ పత్రిక పొట్లంలా మడిచి జాకెట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. నూబియా పెరట్లో కాఫీ పండ్ల తోలు వలిచే మిషను తిప్పుతోంది. చేతులు మోచేతుల దాకా జిగురు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"హమ్మయ్య." మిషను ఆపకుండానే నవ్వింది. "క్రిస్మస్ సెలవులకి కోర్టు మూసేలోపు తీర్పొచ్చేస్తుందని చెప్పాడు గుమస్తా. సంఘంవాళ్ళు మొక్కల కోసం పేర్లు రాసుకునేదీ అప్పటిదాకానే. సరిపోతుందమ్మా."

మా తోటకి తుప్పు తెగులు. ఆకుల వెనక పసుప్పచ్చ పొడి, తాకితే వేళ్ళకి అంటేది. తెగులు పట్టని మొక్కలు కాఫీ సంఘం ఇస్తుంది, కానీ భూమి ఎవరి పేరనుందో వాళ్ళు సంతకం పెట్టాలి. భూమి ఎబేలియో పేరనుంది. ఎబేలియో లేడు. లేడని కాగితమూ లేదు. మూడేళ్ళు వరసగా నూబియా ఆ సంఘం ఆఫీసు నుంచి వట్టి చేతుల్తో తిరిగొచ్చింది. నా కూతురికి ముప్ఫై ఏళ్ళు. ఆ తోట తప్ప ఇంకేదీ కావాలని ఎప్పుడూ అడగలేదు.

నేను గింజలు ఎండబోసిన పలకల అంచున కూర్చుని పత్రిక విప్పాను. కుక్క ప్రకటన దాటాను. టోపీల కొట్టు దాటాను. దొరికింది. మొట్టమొదటిసారి మా ఆయన పేరు నేను, నా కళ్ళతో, ఎవరి వేలూ లేకుండా చదవబోతున్నాను. గుండె ఎలా కొట్టుకుందంటే, పెళ్ళి రోజు చర్చి మెట్లెక్కినప్పుడు కూడా అలా కొట్టుకోలేదు.

రెండో అక్షరం దగ్గర ఆగిపోయాను. కొమ్ములు.

నేనే తప్పు చదువుతున్నాననుకున్నాను. ఆ రెండక్షరాల దగ్గర తప్పేది ఎప్పుడూ నేనే కదా. మళ్ళీ చదివాను. కొమ్ములే. లేచి లోపలికి వెళ్ళి, పెట్టె అడుగున దాచిన పాత గోనె తీశాను. ఎబేలియో మా గోనెలన్నిటి మీదా నల్లరంగుతో పేరు రాసేవాడు. నాకు చదవడం రాకపోయినా ఆ పేరు ఆకారం తెలుసు. రెండో అక్షరానికి రెండు పొట్టలు, కిందిది కొంచెం పెద్దది, బాగా తిన్నవాడిలా.

ఆ పొట్టలు, ఆయన పుట్టినప్పుడు పేరు రాసుకున్న గుమస్తా చేసిన తప్పు. దేశంలో ఆ పేరుగల వాళ్ళంతా ఆవు వితో రాస్తారు. ఈయనొక్కడికే గాడిద పడింది. బళ్ళో వెక్కిరించేవాళ్ళట. పెద్దయ్యాక మాత్రం అదే గొప్పగా చెప్పుకునేవాడు. రంగు డబ్బా పట్టుకుని, "చూడవే రొస్మీ, మిగతావాళ్ళవన్నీ ఆవులు. సంతలో ‘ఎబేలియో’ అని పిలిస్తే పాతికమంది తిరిగి చూస్తారు. కాగితం మీద పిలిస్తే నేనొక్కణ్ణే వస్తాను. నీకు దొరికింది అసలు సిసలు గాడిద" అనేవాడు. ఆయన గుర్తింపు కార్డు నకలు కూడా తీసి చూశాను. పొట్టలే.

అంటే కోర్టు పిలిచింది ఆయనని కాదు.

దోన్ కాసియానో దిద్దిన నాలుగు తప్పుల్లో ఒకటి మా ఆయన.

ఆ వారమంతా ఎవరికీ చెప్పలేదు. నడుముకి బుట్ట కట్టుకుని చెట్టు వెంట చెట్టు కోసుకుంటూ పోయాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మళ్ళీ పిలవాలి, మళ్ళీ ఆగాలి, సెలవులొస్తాయి, మొక్కలు పోతాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఒకపక్క నూబియా వేళ్ళ మీద పసుప్పచ్చ పొడి చూసేదాన్ని. ఇంకోపక్క, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషంగా ఉండేది. ఆయనకింకో పిలుపు మిగిలి ఉందని. పదకొండేళ్ళలో నా దగ్గర ఆయనది మిగిలినవన్నీ పాతవే. ఇదొక్కటే కొత్తది.

నవంబరు రెండో తేదీ, పోయినవాళ్ళ రోజు. కొండ మీద ఇళ్ళవాళ్ళంతా పూలు పట్టుకుని కిందకి, సమాధుల దగ్గరికి దిగుతున్నారు. నూబియా గుమ్మంలో కూర్చుని ఒక కొవ్వొత్తి చేతిలో అటూ ఇటూ తిప్పుతోంది.

"వచ్చే ఏడాది నేను కూడా వెళ్తానమ్మా. సమాధి లేకపోయినా చర్చిలో నాన్న ఆత్మశాంతికి పూజ చెప్పిస్తాను. ఇన్నాళ్ళూ నువ్వు ఒప్పుకోలేదు."

"బతికున్న మనిషికి పూజేమిటే?"

"చూశావా. ఇదే." కొవ్వొత్తి పక్కన పెట్టింది. "నాన్న వెళ్ళేటప్పటికి నాకు పంతొమ్మిది. నువ్వు ఎదురు చూస్తున్నావని నేను ఏడవలేదు. నేను ఏడిస్తే ఆయన్ని చంపినట్టని. ఇంక ఏడవనీ అమ్మా. ఒక్క కాగితం రానీ, ఏడుస్తాను."

అప్పుడు చూపించాను. ఎందుకు అప్పుడే అంటే చెప్పలేను. ఇంకో నిమిషం ఆగితే ఎప్పటికీ చూపించలేకపోయేదాన్నేమో. గోనె ఒక పక్క, పత్రిక ఒక పక్క పరిచాను. నూబియా చాలాసేపు చూసింది.

"ఒక్క అక్షరం."

"అవును."

"నిన్ను బడికి పంపింది నేనే" అంది. నవ్వు వచ్చేది కాస్తా మొహం మీదే ఆగిపోయింది. "సంతకం నేర్చుకోమని పంపితే నువ్వు చదవడం నేర్చుకొచ్చావు. నోరు మూసుకో అమ్మా. నీకు దణ్ణం పెడతాను. ఇంకెవరికీ చెప్పకు."

"సరే" అన్నాను.

మర్నాడు పొద్దున ఆ గోనె మడత పెట్టి గుమ్మం పక్కన పెట్టి ఉంది. తీసి అక్కడ పెట్టింది నేను కాదు. నూబియా అప్పటికే తోటలోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద నా కోసం బెల్లం నీళ్ళు వేడిగా ఉన్నాయి.

శనివారం బడి అయ్యి అందరూ వెళ్ళేదాకా కూర్చున్నాను.

"ఏమిటి దోన్యా, నాకు కాఫీ తెచ్చారా?" అన్నాడు దోన్ కాసియానో, గోనె చూసి.

"ఖాళీదే. చదువుతారని."

బల్ల మీద పరిచాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్ళి ఎర్ర పెన్సిలు తీసింది. "ఇందులోనూ తప్పే..." అంటూ ఆగిపోయాడు.

నేను గుర్తింపు కార్డు నకలు పక్కన పెట్టాను. తర్వాత పత్రిక. ఆయన మూడూ చూశాడు. ముందు గదిలో అచ్చు మిషను ఆడుతోంది. అది ఆగింది.

"నాలుగు తప్పులు దిద్దానని రాశాను."

"చదివాను."

"మీరు చదివారు." కళ్ళజోడు తీసేశాడు. "ఇంకెవరికైనా తెలుసా?"

"మా అమ్మాయికి."

"ఏమంది?"

"నోరు మూసుకోమంది."

"మంచి వకీలయ్యేది." కాసేపు పెన్సిలు బల్ల మీద దొర్లించాడు. "దోన్యా, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కోర్టులో ఎవరూ చూడలేదు, చూడరు కూడా. ఊరుకుంటే క్రిస్మస్ లోపు తీర్పొస్తుంది. ఎప్పుడో ఎవడో పట్టుకుంటే చిక్కే, పట్టుకోకపోవచ్చు కూడా. చెబితే మూడో పిలుపు కొట్టేస్తారు. మళ్ళీ వేయాలి. ఈ ఏడాది మీ అమ్మాయికి మొక్కలు రావు. నన్నేం చెయ్యమంటారు?"

"ఆయన్ని పిలవండి."

"పిలిస్తే వస్తాడనుకుంటున్నారా?"

నేను గోనె మీద పేరు దగ్గర వేలు పెట్టాను. 

"ఆవుని పిలిచి, గాడిద రాలేదని రాస్తారా దోన్ కాసియానో?" అన్నాను.

సోమవారం ఇద్దరం కోర్టుకి వెళ్ళాం. గుమస్తా ఆల్దేమార్ మొక్కజొన్న రొట్టె తింటూ పత్రిక చూశాడు.

"ఇంతోటి దానికా? రేడియోలో సరిగ్గానే పిలిచాం కదండీ. చెవికి తేడా ఏముంది?"

"చట్టం చెవితో పాటు కంటితో కూడా పిలవమంది" అన్నాడు దోన్ కాసియానో.

"అయితే చూద్దాం." ఆల్దేమార్ చేతులు తుడుచుకుని ఫైలు తీశాడు. పేజీలు తిప్పాడు. ఆగాడు. మొహమంతా వెలిగిపోయింది. "పట్నం పేపర్లో పడ్డ మొదటి రెండు పిలుపుల్లోనూ గాడిదే, ఈసారి మేం పంపిన దాంట్లోనూ గాడిదే ఉందండీ. ఇదిగో, మా స్టాంపు కిందే, రెండు పొట్టలతో నిక్షేపంగా ఉంది. మరి దారిలో కొమ్ములెవరు పెట్టారబ్బా?"

పక్క బల్లల దగ్గర టైపు చేసేవాళ్ళు చేతులు ఆపారు. ఆ ఆఫీసులో దోన్ కాసియానో పెన్సిలు తగలనివాళ్ళు లేరు.

"నేనే" అన్నాడాయన.

"ఏమిటండీ? వినబడలేదు."

"నేనే దిద్దాను."

"రాసివ్వాలి మరి. కింద సంతకం. స్పెల్లింగ్ జాగ్రత్త."

ఆయన నిలబడే రాసిచ్చాడు. ఆల్దేమార్ దాన్ని గదంతా వినబడేలా, ఒక్కొక్క మాటా నమిలి చదివాడు. నాకే తల వంగిపోయింది. దోన్ కాసియానో మాత్రం టోపీ చేత్తో పట్టుకుని, చివరి మాట దాకా నిలబడి విని, "కామా ఒకటి మింగేశావు" అన్నాడు.

ఆ శుక్రవారం ‘గుమ్మం దగ్గర’ చాలా చిన్నగా వచ్చింది. మొత్తం నాకిప్పటికీ నోటికి వచ్చు.

‘ఇన్నేళ్ళుగా ఈ గుమ్మం దగ్గర నిలబడి లోపలివాళ్ళ తప్పులు ఏరుతున్నాను. పోయిన నెల కోర్టు ఒక మనిషిని సరిగ్గా పిలిచింది. ఆ పిలుపు ఆయనకి చేరకుండా ఆపింది నేను. పేరులో తప్పుందనుకున్నాను. ఉన్నది తప్పు కాదు, మనిషి. ఆ సంగతి పట్టుకున్నావిడ ఈ ఏడాదే అక్షరాలు నేర్చుకుంది, నా దగ్గరే. కాబట్టి నేను ఫరవాలేదనిపించే పంతుల్నని, పనికిరాని దిద్దేవాణ్ణని ఈ వారం తేలింది.’

జడ్జి ఒప్పుకున్నాక పిలుపు మళ్ళీ వేశారు. ఈసారి పత్రిక వెనక పేజీ అంతా అదే. టోపీల కొట్టు లేదు, కుక్క లేదు. పేరైతే ఒక్కొక్క అక్షరం నా బొటనవేలంత. ఆ పొట్టలు దూరం నుంచే కనబడుతున్నాయి.

ఆదివారం పొద్దున నూబియా ఆ పత్రిక తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ నెలంతా మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. "చదువు" అంది.

"నువ్వు చదివావుగా."

"పైకి చదువు. ఆ దారికేసి తిరిగి."

పెరటి చివర, కొండ వంగే చోట నిలబడితే కింద జీపుల దారి మలుపులన్నీ కనబడతాయి. అక్కడ నిలబడి చదివాను. "ఎబేలియో దె హెసూస్ తంగారీఫె, ఎక్కడున్నా..." నా గొంతు పక్క తోట దాకా కూడా వెళ్ళినట్టు లేదు.

"గట్టిగా అమ్మా. రేడియోలా కాదు."

గట్టిగా పిలిచాను. ఎక్కడో కుక్కలు మొరిగాయి. ఆల్దేమార్ అన్నదీ నిజమే, చెవికి తేడా లేదు. ఆవైనా గాడిదైనా కొండకి ఒకటే. అయినా ఆ పొద్దున పిలుస్తున్నప్పుడు నా పెదాల మీద తేడా ఉంది. పదకొండేళ్ళుగా ఎన్నిసార్లో పిలిచాను, లోపల లోపల. పైకి పిలవడం అదే మొదలు.

ఆగాల్సిన రోజులు ఆగాం. కోతలు పల్చబడ్డాయి, మిగిలిన పండ్లు చెట్టుకి రెండో మూడో. కింద మలుపులో జీపు చప్పుడైతే నా చెయ్యి కొమ్మ మీద ఆగేది. పక్క వరసలో నూబియా బుట్టలో పండ్లు పడే చప్పుడు కూడా ఆగేది. జీపు మమ్మల్ని దాటి పైకి వెళ్ళిపోయాక ముందు తనే మొదలుపెట్టేది. మా వంటింటి గోడకి ఎబేలియో టోపీ తగిలించే మేకుంది. ఆయన వెళ్ళిన రెండో ఏటి నుంచీ నూబియా తన వాన కోటు దానికే తగిలిస్తోంది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం చూస్తే కోటు కుర్చీ మీద ఉంది. మర్నాడూ కుర్చీ మీదే. సెలవులకి కోర్టు మూసి, మళ్ళీ తెరిచేదాకా ఆ మేకు ఖాళీగానే ఉంది. 

ఎవరూ రాలేదు.

మొక్కలకి పేర్లు రాసుకోవడం మేము లేకుండానే ముగిసిపోయింది. జనవరిలో నూబియా కత్తి నూరుకుని తోటలో దిగింది. ముసలి కాఫీ చెట్టుని మోకాలెత్తున నరికేస్తే మొద్దు మీద మళ్ళీ చిగురు వస్తుంది. రెండేళ్ళు కాపుండదు, అంతే. పావు తోట అలా నరికింది. "మిగతాది వచ్చే ఏడాది మొక్కలొచ్చాక" అంది. నామీద కోపంగా ఉందో లేదో ఆ మాటలో తెలియలేదు.

తీర్పు ఫిబ్రవరిలో వచ్చింది. అది నేనే చదివాను. ఆల్దేమార్ తొందర పెట్టలేదు. తీర్పులో ఎబేలియో చనిపోయిన తేదీ రాసి ఉంది. నేను ఆ తేదీ రెండుసార్లు చూసుకున్నాను.

"ఇది తప్పు. ఆయన వెళ్ళింది దీనికి రెండేళ్ళ ముందు."

"తప్పు కాదు దోన్యా" అన్నాడు ఆల్దేమార్. వెక్కిరింత లేదు గొంతులో. "చట్టం అంతే. ఆఖరి కబురు తెలిసిన రోజు నుంచి రెండేళ్ళు బతికున్నట్టే లెక్క. రెండేళ్ళు నిండిన రోజు పోయినట్టు."

"ఆ రెండేళ్ళు ఎక్కడున్నట్టు?"

"అది మేం రాయమండీ."

ఇంటికి వచ్చే జీపులో నూబియా, నేనూ పక్కపక్కన కూర్చున్నాం. తీర్పు కాగితం తన ఒళ్ళో ఉంది. చాలా మలుపులు దాటాక తను అడిగింది, చిన్నప్పటి గొంతుతో.

"రెండేళ్ళు ఏం చేసుంటాడమ్మా నాన్న?"

"సూది వెతుకుతూ ఉండుంటాడు" అన్నాను.

నూబియా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు అందుకుంది. జీపంతా చూస్తుండగా, మా ఇంటి మలుపు వచ్చేదాకా ఏడ్చింది. నేను ఆపలేదు.

ఆ తర్వాతి వారం భూమి మా పేర మార్చే కాగితం నింపడానికి వెళ్ళాం. దోన్ కాసియానో సాయం వచ్చాడు. కాగితం నేనే నింపుతానన్నాను. పేరు రాశాను. ఊరు రాశాను. తర్వాతి గీత మీద పెళ్ళయిందా, కాలేదా, భర్త ఉన్నాడా అని అడిగారు. ఆ రోజు బోర్డు మీద రాయనన్న మాట అక్కడ రాయాలి.

రాశాను. నిదానంగా, గీత దాటకుండా. రాసిందేదో నాకు తెలిసే రాశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. కొమ్ములు రావాల్సిన మొదటి అక్షరానికి చెయ్యి రెండు పొట్టలు గీసింది, కిందిది కొంచెం పెద్దది.

దోన్ కాసియానో వంగి చూశాడు. చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఎర్ర పెన్సిలు తల బయటికి వచ్చింది. ఆయన దాన్ని బొటనవేలితో మళ్ళీ లోపలికి తోసేసి, "సంతకం కింద పెట్టండి దోన్యా" అన్నాడు.